కొట్టినాయన సరే, నవ్వించినాయన సరే... ఆవిడ మాటేమిటి?

మార్చి నెల వచ్చిందంటే పిల్లల పరీక్షలు, మామిడికాయల బేరాలు, వాటితోపాటు ఆస్కార్ కబుర్లు. ఆ కబుర్లతో పాటు ఓ పాత వీడియో మళ్ళీ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. 2022 నాటి ఆస్కార్ వేడుకలో విల్ స్మిత్ వేదికెక్కి క్రిస్ రాక్ చెంప ఛెళ్ళుమనిపించిన వీడియో. మీరూ చూసే ఉంటారు. చూడకపోయినా మీ మరిదో, మీ అబ్బాయో పంపే ఉంటాడు.

ఇన్నేళ్ళయినా మా ఇళ్ళల్లో ఇది వచ్చినప్పుడల్లా జనం రెండు జట్లయిపోతారు. "పెళ్ళాన్ని అంటే ఊరుకుంటాడా? మగాడంటే వాడూ!" అనేది ఒక జట్టు. "జోకుని జోకులా తీసుకోవాలి గానీ ఇంత రాద్ధాంతమా?" అనేది రెండోది. నాకు ఈ రెండు జట్లతోనూ పేచీ ఉంది. ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నాను. ఈసారి రాసేస్తున్నాను.

అది ఆర్ఆర్ఆర్ వచ్చిన వారం, గుర్తుందా? మార్చి 25 శుక్రవారం సినిమా విడుదల. 28 సోమవారం, మనం ఇంకా టిఫిన్ల హడావిడిలో ఉండగానే అమెరికా నుంచి ఈ చెంపదెబ్బ. ఆ శని, ఆదివారాలు మా వాట్సాప్ గ్రూపంతా చరణ్‌కి ఎక్కువ సీన్లున్నాయా, తారక్‌కి ఎక్కువున్నాయా అన్న కొట్లాటే. మా మరిది నిమిషాలతో సహా లెక్క కట్టి పెట్టాడు. ఆలియా భట్ ఎన్ని నిమిషాలుందో మాత్రం ఏ మహానుభావుడూ లెక్క కట్టలేదు. సినిమా నాకూ నచ్చింది లెండి, రెండుసార్లు చూశాను. జంతువుల లారీ సీనుకి ఈల వెయ్యలేదు గానీ వేసినంత పనయింది. కానీ మూడు గంటల పైన నడిచే ఆ కథకి మూలం మల్లి అనే చిన్నపిల్లని ఎత్తుకుపోవడం. ఆ పిల్ల కోసం ఇద్దరు వీరులు నిప్పులో, నీళ్ళలో దూకుతారు. పిల్ల మాత్రం కోటలో కిటికీ దగ్గరే ఉంటుంది. సినిమా అన్నాక అంతే, ఒప్పుకుంటాను. సోమవారం పొద్దున్న వచ్చిన వీడియోని కూడా మావాళ్ళు అదే కళ్ళతో చూశారు చూడండి, నా బాధ అక్కడ.

"వీడూ భీముడేరా" అని మా పెదనాన్నగారబ్బాయి. "అసలైన మాస్ సీను ఇది" అని ఇంకొకడు. మా తోటికోడలు నాలుగు ఎర్ర గుండెలు పెట్టింది. ఏ భార్య కోసం కొట్టాడో ఆవిడ పేరేమిటని ఆ రోజు గ్రూపులో ఒక్కరూ అడగలేదు.

ఆవిడ పేరు జేడా పింకెట్ స్మిత్. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ పేరుని మా అత్తగారు "జడ" అని చదివారు. జుట్టు ఊడిపోయే జబ్బున్న మనిషికి ఆ పేరేమిటో అని ఆవిడే మళ్ళీ నొచ్చుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో జేడా గురించి నొచ్చుకున్న మనిషి డెబ్భై దాటిన మా అత్తగారొక్కరే.

జరిగిందేమిటో ఒకసారి వరసగా చెప్పుకుందాం. క్రిస్ రాక్ ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి ఇవ్వడానికి వేదికెక్కాడు. అలవాటు ప్రకారం ముందు వరసలో కూర్చున్న వాళ్ళ మీద నాలుగు చెణుకులు విసిరాడు. అందులో ఒకటి జేడా గుండు మీద. 1997లో 'జి.ఐ. జేన్' అని ఒక సినిమా వచ్చింది, అందులో డెమీ మూర్ సైన్యంలో శిక్షణ కోసం గుండు కొట్టించుకుంటుంది. ఆ సినిమా రెండో భాగంలో జేడాని చూడాలని ఎదురుచూస్తున్నాడట. హాలంతా నవ్వింది. విల్ స్మిత్ కూడా నవ్వాడు. అవును, నవ్వాడు, వీడియోలో ఉంది. జేడా నవ్వలేదు. కళ్ళు పైకి తిప్పింది. ఆ తర్వాతే ఆయన లేచి వెళ్ళి కొట్టాడు. వెనక్కొచ్చి కూర్చుని, నా భార్య పేరెత్తకు అంటూ రెండుసార్లు అరిచాడు.

జేడా తన జబ్బు సంగతి దాచిపెట్టిందేమీ కాదు. 2018లోనే తన కార్యక్రమంలో చెప్పింది. స్నానం చేస్తుంటే గుప్పెళ్ళ కొద్దీ జుట్టు చేతిలోకి వచ్చిందనీ, భయంతో వణికిపోయాననీ. 2021లో ఇక లాభం లేదని గుండు చేయించుకుంది. అలొపేషియా అంటారు దాన్ని. అందులో ఒక రకాన్నే మనం పేనుకొరుకుడు అంటాం. పేను కొరకడమూ లేదు, పాడూ లేదు. మన ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన శక్తే దారితప్పి జుట్టు కుదుళ్ళ మీద పడుతుంది. రూపాయి బిళ్ళంత చోట మొదలై కొందరికి తలంతా పోతుంది, కొందరికి కనుబొమ్మలతో సహా. మళ్ళీ వస్తుందో రాదో, వచ్చింది ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేరు.

క్రిస్ రాక్‌కి జబ్బు సంగతి తెలియదని తర్వాత వార్తలొచ్చాయి. కాబోలు. కానీ ఆయన ఎవరనుకున్నారు? 2009లో 'గుడ్ హెయిర్' అనే డాక్యుమెంటరీ తీసిన మనిషి. నల్లజాతి ఆడవాళ్ళు జుట్టు కోసం ఎంత డబ్బు పోస్తారో, తల మీద ఎన్ని మందులు పూసుకుంటారో దాని నిండా చూపించాడు. నాకెందుకు మంచి జుట్టు లేదు నాన్నా అని తన కూతురు అడిగితే ఆ సినిమా తీశానని చెప్పుకున్నాడు. అందులో సవరాల కోసం ఆయన మన దేశానికి కూడా వచ్చాడు, గుళ్ళో మొక్కుగా ఇచ్చిన జుట్టు వాళ్ళ తలల మీదకి ఎలా చేరుతుందో చూడ్డానికి. అంత తెలిసిన మనిషికి ఒక ఆడమనిషి గుండు కనిపిస్తే నోట్లోంచి వచ్చింది జోకు!

తిరుమలలో తలనీలాలిచ్చి గుండుతో, గంధంతో నడిచివచ్చే అమ్మాయిని చూసి మనం ఎవరమైనా నవ్వుతామా? చేతులెత్తి దణ్ణం పెడతాం. అదే గుండు జబ్బుతో వస్తే మాత్రం వేళాకోళం. గుండు అదే కదండీ?

ఇప్పుడు మా పిన్ని కూతురి సంగతి చెప్తాను. పేరు వద్దులెండి, అడిగే రాస్తున్నాను. రెండో కాన్పు తర్వాత దానికి పేనుకొరుకుడు మొదలైంది. ముందు చెవి వెనకాల, తర్వాత మాడు మీద. చర్మం డాక్టరుగారు తలలోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు ఉల్లిపాయ రసం అన్నారు, గురివింద గింజ అరగదీసి రాయమన్నారు. ఒకావిడ అయితే ఏ నాగుపాము శాపమోనని పుట్టలో పాలు పోయించింది. ఆ పిల్ల అన్నీ చేసింది. సవరం పెట్టుకుని, పైన పూలు చుట్టుకుని మా మేనకోడలి పెళ్ళికి వచ్చింది. ఎంతో ధైర్యం చేసుకుని వచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే పొద్దున్నే ఆ సవరం గట్టిగా పిన్నులతో బిగించింది నేనే.

మా వైపు మావయ్య వరసాయన ఒకరున్నారు. ప్రతి ఇంట్లోనూ ఉంటారు ఇలాంటాయన. పెళ్ళిలో మైకు దొరికితే వదలరు. వధూవరులని ఆటపట్టించి, వియ్యాలవారిని ఆటపట్టించి, చివరికి మా పిల్ల వైపు తిరిగి, "ఫ్యాను కింద కూర్చోకమ్మా, జడ ఎగిరి పెళ్ళికొడుకు మెళ్ళో పడితే రెండో దండ అనుకుంటాడు" అన్నారు. మూడొందల మంది నవ్వారు. మా పిల్ల కూడా నవ్వింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. పక్కనే కూర్చున్న దాని మొగుడూ నవ్వాడు. కారులో ఇంటికెళ్తూ ఇది ఏడిస్తే, "జోకే కదా, అంత సీరియస్ అయితే ఎలా?" అన్నాడట.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ పిల్ల ఏ శుభకార్యానికీ రాలేదు. సొంత అన్న గృహప్రవేశానికి కూడా "పిల్లాడికి జ్వరం" అని మానేసింది.

విల్ స్మిత్ వీడియో వచ్చినప్పుడు నేను దానికి ఫోను చేశాను. మీ ఆయన కూడా లేచి ఆ మావయ్యని ఒక్కటి పీకి ఉంటే బాగుండేదనిపించిందా అని అడిగాను. అది ఏమందో చెప్తాను వినండి. "అయ్యో అక్కా, కొడితే ఇంకేమైనా ఉందా? నా బోడిగుండు వల్ల పెళ్ళి పాడయిందని జన్మంతా చెప్పుకునేవారు. ఆయన కొట్టక్కర్లేదు. నవ్వకుండా ఉంటే చాలు. నా చెయ్యి పట్టుకుని పద, భోజనానికెళ్దాం అంటే చాలు."

మగాడంటే వాడూ అన్న జట్టువాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి. మీరు చప్పట్లు కొట్టిన ఆ దెబ్బ జేడా అడిగింది కాదు. ఆమెకి దానివల్ల ఒరిగిందీ లేదు. అప్పటిదాకా ఒక హాలు నిండా జనం ఆమె తలని చూసి నవ్వారు. ఆ క్షణం నుంచి ప్రపంచమంతా చూసింది. దెబ్బ కొట్టినాయన పరువు, తిన్నాయన పరువు, వేదిక పరువు, అన్నీ చర్చకొచ్చాయి. ఆమె మళ్ళీ కిటికీ దగ్గర మల్లే.

ఇంకో సంగతుంది, ఇది నాకు ఇంకా మింగుడు పడదు. కొట్టిన ముప్పావుగంట లోపే విల్ స్మిత్‌కి 'కింగ్ రిచర్డ్' సినిమాకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటూ, ప్రేమ మనిషి చేత పిచ్చి పనులు చేయిస్తుంది అన్నాడు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? చెంప వాచిపోయి పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి మర్నాడు అల్లుడు వచ్చి చెప్పే మాట ఇదే. "ప్రేమ ఎక్కువై కొట్టానత్తయ్యా." మనం కాఫీ ఇచ్చి కూతుర్ని వెంట పంపిస్తాం. జేడాని ఆయన కొట్టాడని నేను అనడం లేదు, అలాంటి మాట ఎవరూ అనలేదు. నేననేది ఆ సాకు గురించి. పరాయివాడి చెంప మీద పడ్డప్పుడు ప్రేమ అని మురిసిపోతే, అదే ప్రేమ మన చెంప మీద పడ్డప్పుడు ఏ మొహంతో కాదంటాం?

ఎక్కువ చేసి చెప్తున్నాననుకుంటున్నారా? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళనే అడిగారు. చెప్పకుండా బయటికెళ్ళినా, పిల్లల్ని సరిగ్గా చూడకపోయినా, అత్తమామలని గౌరవించకపోయినా, ఇలాంటి ఏడు కారణాలిచ్చి, వీటిలో ఏ ఒక్కదానికైనా మొగుడు కొట్టడం సబబేనా అని. తెలంగాణలో, ఆంధ్రలో దాదాపు 84 శాతం మంది సబబే అన్నారు. దేశంలో అందరికంటే ముందు మనమే. ఆర్ఆర్ఆర్ వసూళ్ళ లెక్కలు నోటికొచ్చిన మా గ్రూపులో ఈ లెక్క ఎవరికీ తెలియదు.

తెలియకపోవడంలో వింతేముంది? 'అర్జున్ రెడ్డి'లో హీరో హీరోయిన్ని కొడితే థియేటర్లో ఈలలు పడ్డాయి. ప్రేమించుకున్నవాళ్ళ మధ్య చెయ్యి చేసుకునే చనువు లేకపోతే అందులో ప్రేమేముందన్నట్టు ఆ దర్శకుడు 2019లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు కూడా. ఆ తర్వాతి ఏడాది హిందీలో 'థప్పడ్' వచ్చింది. పార్టీలో అందరి ముందూ మొగుడు కొట్టిన ఒకే ఒక్క దెబ్బకి విడాకులడిగిన భార్య కథ. మా ఇంట్లో ఆ సినిమా చూస్తున్నంతసేపూ మావారు, "ఒక్క దెబ్బకే?" అంటూ కూర్చున్నారు. విల్ స్మిత్‌ది కూడా ఒక్క దెబ్బే. దానికి మాత్రం ఇన్నేళ్ళుగా చర్చలు! మగాడు మగాణ్ణి కొడితే ప్రపంచ వార్త, ఇంట్లో పడితే "ఒక్క దెబ్బకే."

సరే, రెండో జట్టు దగ్గరికొద్దాం. జోకుని జోకులా తీసుకోవాలనేవాళ్ళు. వీళ్ళు నాకు మొదటి జట్టుకన్నా ప్రమాదంగా కనిపిస్తారు, ఎందుకంటే వీళ్ళు నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతారు. హాస్యం ఉండాలండీ జీవితంలో అంటారు. నేను కాదన్నానా? మా ఇంట్లో నేను వేసినన్ని జోకులు ఎవరూ వెయ్యరు. కానీ ఎవరి మీద జోకు వేశారో వాళ్ళు నవ్వి తీరాలన్న నియమం ఎవరు పెట్టారు? పైగా ఆ నియమం ఆడవాళ్ళకే. లావైన తోటికోడలు నవ్వాలి. పిల్లలు కలగని ఆడపడుచు నవ్వాలి. నల్లగా ఉన్న కోడలు నవ్వాలి. నవ్వకపోతే "మూతి ముడుచుకుంది" అంటారు. అదే మైకు మావయ్యగారి బట్టతల మీద మా పదేళ్ళ పిల్లాడు ఏదో అంటే పెంపకం గురించి నాకు పావుగంట ఉపన్యాసం ఇచ్చారు!

మయసభలో దుర్యోధనుడు జారి పడితే ద్రౌపది నవ్విందని, ఆ నవ్వు వల్లే భారత యుద్ధం జరిగిందని చిన్నప్పటినుంచీ వింటున్నాం. 'దానవీరశూరకర్ణ'లో కూడా అలాగే చూశాం. వ్యాసుడి భారతంలో ఆ రోజు నవ్వినవాళ్ళలో భీముడూ, అర్జునుడూ ఉన్నారు. జనం నోట్లో మిగిలింది ద్రౌపది నవ్వొక్కటే. ఇక్కడ జేడా నవ్వలేదు, కళ్ళు తిప్పింది. ఆమె అలా చూడబట్టే ఆయన లేచి కొట్టాడు, తప్పంతా ఆమెదే అని ఎంతమంది అన్నారో! నవ్వితే నవ్వినందుకు, నవ్వకపోతే నవ్వనందుకు. మగాళ్ళిద్దరి మధ్య జరిగిన ప్రతి గొడవకీ ఒక ఆడదాని మొహం దొరకాలి.

తర్వాత ఏమైందో చూడండి. విల్ స్మిత్ మర్నాడు క్షమాపణ చెప్పాడు, ఏప్రిల్ 1న అకాడమీ సభ్యత్వం వదులుకున్నాడు, 8న పదేళ్ళపాటు వేడుకలకి రావద్దని అకాడమీ నిషేధం పెట్టింది. నిగ్రహం చూపించినందుకు క్రిస్ రాక్‌కి కృతజ్ఞతలు కూడా చెప్పింది. 2023 మార్చిలో ఆ నిగ్రహవంతుడే నెట్‌ఫ్లిక్స్‌లో కార్యక్రమం పెట్టి మళ్ళీ జేడానే ఆడిపోసుకున్నాడు. అదే ఏడాది జేడా తన జీవితకథ రాస్తూ, 2016 నుంచీ మేమిద్దరం వేరుగానే ఉంటున్నాం అని బయటపెట్టింది. దాంతో మొదటి జట్టువాళ్ళు కూడా ప్లేటు మార్చేశారు. "ఛ, ఇలాంటిదాని కోసమా కొట్టింది?" మా గ్రూపులో ఎర్ర గుండెలు పెట్టిన తోటికోడలే ఈసారి నోరు నొక్కుకున్న బొమ్మ పెట్టింది. అంటే కాపురం చక్కగా చేసే భార్యకి మాత్రమే అవమానం జరుగుతుందా? వేరుగా ఉంటే జబ్బు మీద జోకు వెయ్యొచ్చా?

ఆ రాత్రి ఇంకేం పోయిందో కూడా చెప్పకుండా ఉండలేను. క్రిస్ రాక్ అక్కడికొచ్చింది డాక్యుమెంటరీ బహుమతి ఇవ్వడానికని అన్నాను కదా. ఆ పోటీలో మన దేశపు సినిమా ఒకటుంది, 'రైటింగ్ విత్ ఫైర్'. ఉత్తరప్రదేశ్‌లోని బుందేల్‌ఖండ్‌లో దళిత ఆడవాళ్ళు 2002 నుంచి నడుపుతున్న 'ఖబర్ లహరియా' పత్రిక గురించి తీసింది. ఇంట్లో మొగుళ్ళు వద్దంటున్నా, చేతిలో ఫోను పట్టుకుని గనుల మాఫియానీ, పోలీసులనీ నిలదీసే మామూలు గృహిణులు వాళ్ళు. వాళ్ళ కథ ఆస్కార్ దాకా వెళ్ళిన రోజున, సరిగ్గా వాళ్ళ పోటీ ఫలితం చెప్పబోయే నిమిషంలో ఈ కుస్తీ. గెలిచింది 'సమ్మర్ ఆఫ్ సోల్'. 1969లో హార్లెంలో జరిగిన నల్లవాళ్ళ సంగీతోత్సవం మీద తీసినది. ఆ దర్శకుడు తల్లిదండ్రుల్ని తలుచుకుని ఏడుస్తుంటే హాల్లో వినే స్థితిలో ఎవరూ లేరు. ఆ ఏడాది వేడుక నడిపింది ముగ్గురు ఆడవాళ్ళని కూడా ఎవరికీ గుర్తులేదు. మర్నాడు మా గ్రూపులో చెంపదెబ్బ వీడియో పదకొండుసార్లు వచ్చింది, నేనే లెక్కపెట్టాను. ఖబర్ లహరియా గురించి నేను పెట్టిన లింకుకి ఒక బొటనవేలు వచ్చింది. అదీ మా అత్తగారిది.

మా పిన్ని కూతురు ఇప్పుడు సవరం మానేసింది. మరీ పొట్టిగా కత్తిరించుకుంది, మాసికలు మాసికలుగా ఉన్నా అలాగే తిరుగుతోంది. ఈ వైశాఖంలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళి. వస్తానంది. నేను ముందుగానే మా ఆడపడుచుకి ఫోను చేసి, మైకు మావయ్యగారి చేతికి ఇవ్వొద్దని చెప్పాను. "అయ్యో వదినా, ఆయన లేకపోతే సరదా ఏముంటుంది? పెద్దాయన్ని ఎలా కాదంటాం?" అంది. నువ్వు కాదనలేకపోతే నేనే వేదిక ఎక్కి, "ఇందులో నవ్వాల్సింది ఏముంది మావయ్యగారూ, కాస్త విడమరిచి చెప్పండి" అని అందరి ముందూ అడుగుతానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, పాటల కచేరీ పెట్టించే ఆలోచన ఉందని చెప్పి ఫోను పెట్టేసింది.